దీపం గూట్లో కెమెరా

వనపర్తిలో మా లెక్కల సారు ఇంటికి పోతే మంచినీళ్ల కంటే ముందు పరీక్ష పెడతారు. "గేటు తీసిన కాన్నుంచి నిన్ను ఎన్ని కెమెరాలు చూసినయో చెప్పు" అంటారు. నేను తలెత్తి గేటు పక్క గోడ మీద మిణుకుమిణుకుమనే తెల్లటి గుండ్రటి కెమెరాను చూపించాను. సారు తొడ చరిచి నవ్వారు.

"అది ఉత్త డబ్బారా! లోపల రెండు సెల్లులు, ఒక ఎర్ర లైటు, అంతే. మూడు వందల యాభై. దొంగ దాన్ని చూసుకుంట నిలబడ్తడు, అసలుది వాన్ని చూస్తది."

అసలువి నాలుగు. గోడ గడియారంలో పన్నెండు అంకె కింద ఒకటి. మెట్ల మలుపులో బల్బు హోల్డరుకు బిగించింది ఇంకొకటి. టీవీ బల్ల మీద ఫోను చార్జరు వేషంలో మూడోది. నాలుగోదాన్ని చూపించడానికి నన్ను పెరట్లోకి తీసుకుపోయి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. తులసికోట దీపం గూట్లో, కందిగింజంత నల్లటి కన్ను. "ఇది నాకు, దేవునికి తప్ప ఎవ్వనికి ఎరుక లేదు" అన్నారు. పాలు పోసే పిల్లవాడు గేటు దగ్గర నుంచే, "గూట్లది కూడ చూపెట్టిండా అన్నా?" అని అడిగి పోయాడు.

చాటు కెమెరా మనుషుల కష్టమే ఇది. ఎవరికీ తెలియకుండా దాచాలి. ఎవరికీ తెలియకపోతే ఆ తెలివిని మెచ్చేదెవరు? అందుకని ఒట్టు వేయించుకుని మరీ ఒక్కొక్కరికీ చూపిస్తారు. సారు ఒక్కరే కాదు, ఈ బాపతు మనుషులు మా వైపు ఊరికొకరు ఉన్నారు. గద్వాలలో ఒక చీరల సేటు అగ్గిపెట్టెలో కెమెరా పెట్టి గల్లా పక్కన ఉంచుకున్నాడు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసి, చీర మొత్తాన్ని అగ్గిపెట్టెలో పట్టిస్తామని చెప్పుకునే ఊరు అది. అక్కడ అగ్గిపెట్టె చూపించి ఎవర్ని ఆశ్చర్యపెడతాడు పాపం! చూసినవాళ్లంతా "చీరేది?" అని అడుగుతున్నారట.

సారుకు ఈ పిచ్చి కొత్తగా పుట్టింది కాదు. ముప్పై ఏళ్లకు పైగా పరీక్ష హాళ్లలో చిట్టీలు పట్టిన చూపు అది. రిటైరయ్యాక పట్టడానికి పిల్లలు దొరకలేదు. అదే అదనులో పోలీసులు 'నేను సైతం' అని కాలనీవాళ్లను కెమెరాలు పెట్టుకోమన్నారు. సారు ఆ పిలుపు తన పేరు పెట్టి పిలిచినట్టే తీసుకున్నారు. 2013 నాటి ప్రజా భద్రత చట్టం కూడా నోటికి వచ్చు. వంద మంది, అంతకు మించి కూడే చోట కెమెరాలు పెట్టాలి, రికార్డు 30 రోజులు దాచాలి. అది దుకాణాలకు, కాలేజీలకు, గుళ్లకు కదా సార్ అంటే, "బతుకమ్మకు మన వాకిట్ల ఎంతమంది ఆడతరో లెక్కపెట్టినవా?" అని నా మీదే లేచారు. ముప్పై రోజుల సంగతి మాత్రం సారు మెమరీ కార్డుకు చేతకాదు. ఆరు రోజులకు నిండి, మొదటి రోజు మీదే మళ్లీ రాసుకుంటుంది.

నల్లమల పులులు కూడా ఆయనకు గురువులే. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవిలో పులులను లెక్కించడానికి బాటకు రెండు వైపులా చెట్లకు ఎదురెదురుగా కెమెరాలు కడతారు. పులికి కుడిపక్క చారలు, ఎడమపక్క చారలు ఒక్కతీరు ఉండవు. రెండు పక్కలూ తీస్తేనే ఇది ఫలానా పులి అని గుర్తుపడతారు. ఈ ముక్క పేపర్లో చదివిన రోజే సారు గడియారాన్ని, చార్జరును హాల్లో ఎదురెదురుగా పెట్టారు. అమ్మ (సారు భార్యను మేమంతా అమ్మ అనే అంటాం) చాయ గ్లాసులతో ఆ నడుమ నుంచే వస్తూ ఆగి, "ఎడమ చారలు వచ్చినయా, మల్లొకసారి తిరగాల్నా?" అని అడిగింది. సారు ఫోనులోంచి తల ఎత్తలేదు. ఎదురుగా ఉన్న మనిషిని కూడా ఫోనులోనే చూస్తున్నారు.

మెట్ల బల్బుది వేరే కథ. పైన అద్దెకున్న ఇల్లాలు రోజూ పొద్దున్నే తడి తువ్వాలు తెచ్చి సరిగ్గా దాని మీదే ఆరేసేది. సారు తీసేవారు, ఆమె వేసేది. చివరికి నాగర్‌కర్నూల్ కోర్టులో వకీలుగా ఉన్న మేనల్లుడు పండగకు వచ్చి చూసి బెదిరిపోయాడు. "మామా, ఆడమనిషి ఏకాంతంగ ఉన్నప్పుడు చాటుగ తీస్తే కొత్త న్యాయ సంహితల 77వ సెక్షన్. మొదటిసారికే తక్కువల తక్కువ ఏడాది, మూడేండ్ల దాక పోవచ్చు. మెట్ల దాక సరే, ఇది తిరిగి తిరిగి వాళ్ల తలుపు కాడికి పోతున్నది" అన్నాడు. సారు ఆ సాయంత్రమే స్టూలెక్కి బల్బు ముఖం గోడకు తిప్పారు. ఇప్పుడది సున్నం పెచ్చులు ఊడటాన్ని బహు స్పష్టంగా తీస్తోంది. ఈ విషయంలో నేను తువ్వాలు పక్షం.

ఆ మేనల్లుడూ తక్కువవాడు కాదు. కారు అద్దానికి డాష్‌క్యామ్ కట్టాడు. కొత్తకోట దగ్గర ఎదురుగా వచ్చిన ఆటో గీసుకుపోతే, వీడియో పట్టుకుని ఠీవిగా ఠాణాకు పోయాడు. తప్పు ఆటోదే, అనుమానం లేదు. కానీ బొమ్మ కింద మూలన తెల్లటి అంకెల్లో ఈయన కారు వేగం కూడా పడింది. 96. వకీలు సాబు వీడియో మూసి, ఆటోవాణ్ని క్షమించి ఇంటికి వచ్చాడు.

ఇక దొంగలంటారా, ఏడాదిన్నర పాటు రాలేదు. రాత్రి రెండు గంటలకు ఫోను మోగి 'మనిషి కదలిక' అనేది. సారు కర్ర పట్టుకుని లేచేవారు. కెమెరా మీద సాలీడు అల్లిన పోగు చీకటి వెలుగులో తాడంత లావు కనబడేది. సాలీడును తోలి పడుకుంటే మూడింటికి బల్లి.

నిజం దొంగలు వచ్చింది ఒక శుక్రవారం రాత్రి. గేటు పక్కన మిణుకుమనే ఉత్త డబ్బా ఎత్తుకుపోయారు. దాన్ని తప్ప దేన్నీ ముట్టుకోలేదు. సారు ముఖంలో బాధ లేదు, పెళ్లి కళ. కానిస్టేబుల్‌ను పిలిపించి, నన్నూ పిలిపించి, గూటి కెమెరా వీడియో పెట్టారు. గూట్లోంచి సందు మీదుగా గేటు సూటిగా కనబడుతుంది.

తెర నిండా పసుపు. నడుమ ఎర్రటి చుక్క. ఇంకేమీ లేదు.

సారు ఫోను తుడిచారు. కళ్లద్దాలు తుడిచారు. తర్వాత పెరట్లోకి పోయి చూశారు. దీపం పెట్టేటప్పుడు అమ్మకు గూట్లో నల్లటి మచ్చ కనబడింది. శుక్రవారం పూట తులసమ్మకు మచ్చేమిటని బొటనవేలితో పసుపు రాసి, పైన కుంకుమ బొట్టు పెట్టింది.

"ఆగున్రి సార్, మాటలు వస్తున్నయి" అన్నాడు కానిస్టేబుల్. పసుపు లోపలి నుంచి రెండు గొంతులు.

"అరె, ఇది ఉత్త డబ్బారా."

"ఉండనీ తియ్యి. మనింటి గేటుకు పెడదాం. దొంగలు భయపడ్తరు."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక టోపీ అడ్డం పెట్టుకున్నాడు. సారు నా భుజం పట్టుకుని దగ్గరికి లాగారు.

"వింటివా, సౌండు ఎంత క్లియరుగ ఉన్నదో!"