తనను ఎంచుకోవద్దన్న విమానం: లాంగ్ ఈజీ ఆత్మకథ

మొదటిసారి ఇంటి షెడ్డులో సొంత విమానం కట్టుకోదలచినవారు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ విమానం ఏ నేల మీద దిగుతుందన్నదే. దాని వేగం, సొగసు ఆ తర్వాతి మాటలు. ఈ సంగతి చెప్పడానికి లాంగ్ ఈజీకి ఉన్నంత అర్హత మరో విమానానికి లేదు, ఎందుకంటే వేగాన్నీ సొగసునూ చూసి ప్రపంచమంతటా ఔత్సాహికులు మనసు పారేసుకొన్న విమానాల్లో అది మొదటి వరుసలోది. తన కథ తానే చెప్పుకొంటున్నా, ఆత్మస్తుతి అన్న నింద రాకుండా, అది ఉత్తమపురుషను వదిలి ప్రథమపురుషలోనే తన గురించి మాట్లాడుతుంది.

లాంగ్ ఈజీ పుట్టిల్లు అమెరికాలోని మొహావీ ఎడారి, దాని రూపశిల్పి బర్ట్ రూటన్. ఆయన 1975లో ఎగిరించిన వేరీ ఈజీకి చెల్లెలి వరసైన ఈ విమానం 1979 జూన్‌లో మొదటిసారి గాలిలోకి లేచింది. మామూలు విమానాల్లో తోక దగ్గర కనిపించే చిన్న రెక్క దీనికి ముక్కు దగ్గర ఉంటుంది. ఆ ముందు రెక్కను కెనార్డ్ అంటారు. ఇంజనూ ప్రొపెల్లరూ వెనకవైపు ఉంటాయి, రెండు సీట్లు ఒకదాని వెనక ఒకటి. వేగం మరీ తగ్గినప్పుడు రెక్కను అంటిపెట్టుకొని పారవలసిన గాలి విడిపోయి, విమానాన్ని పైకెత్తే బలం పడిపోవడాన్ని స్టాల్ అంటారు. కొత్త పైలట్లకు అది ప్రాణాంతకం కావచ్చు. లాంగ్ ఈజీలో ముందు రెక్క ముందుగా స్టాల్ అయ్యేలా కొలతలు కుదిర్చారు గనుక, వేగం తగ్గగానే ముక్కు కొద్దిగా వాలి వేగం మళ్లీ పుంజుకొంటుంది, వెనకున్న పెద్ద రెక్క ఆ ప్రమాదం దాకా పోదు. ఎనిమిది మీటర్ల రెక్కలతో, 115 అశ్వశక్తి లైకామింగ్ ఇంజనుతో, పుట్టిన ఏడాది చివర్లోనే అది బర్ట్ అన్నయ్య డిక్ రూటన్ చేతుల్లో ఎక్కడా దిగకుండా సుమారు 7,700 కిలోమీటర్లు ఎగిరింది. అదే డిక్ 1986లో జీనా యేగర్‌తో కలిసి ఆగకుండా భూగోళాన్ని చుట్టివచ్చిన వాయేజర్ కూడా ఈ వంశంలోదే.

దాని ఒంటిలో ముఖ్యమైనది నురుగు పలక, అంటే మన థర్మోకోల్ జాతిదే గాని మరింత గట్టిది. కరెంటుతో వేడెక్కిన సన్నని తీగతో ఆ పలకను రెక్క ఆకారంలో కోసి, దాని మీద గాజు నార గుడ్డను పొరలు పొరలుగా పరచి, ఎపాక్సీ అనే జిగురుతో తడుపుతారు. జిగురు గట్టిపడ్డాక నురుగు లోపల ఆకారాన్ని నిలుపుతుంది, గాజు పొర బరువు మోస్తుంది. అచ్చులు అక్కర్లేని ఈ పద్ధతి వల్లనే కారు షెడ్డున్న ప్రతివాడూ తయారీదారు కాగలిగాడు. అయితే 1980 నుంచి 1985 దాకా రూటన్ సంస్థ అమ్మింది నక్షాలూ నిర్మాణ గ్రంథమూ మాత్రమే, విడిభాగాలన్నీ పెట్టెలో సర్ది పంపే కిట్ కాదు. నక్షా చూసి కట్టడానికీ కిట్ బిగించడానికీ మధ్య ఏళ్ల తేడా ఉంటుందని, పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవారి షెడ్లు సాక్ష్యమిస్తాయి. నక్షాలో చెప్పిన చోటును కాదని సొంత తెలివి చూపినందుకు ఫలితం ఎలా ఉంటుందో 1997 అక్టోబరులో తెలిసింది: గాయకుడు జాన్ డెన్వర్ నడిపిన లాంగ్ ఈజీలో పెట్రోలు ట్యాంకును మార్చే మీటను, దాన్ని కట్టిన వ్యక్తి పైలట్ ఎడమ భుజం వెనక అమర్చాడు, ఆ మీట కోసం వెనక్కి తిరగవలసి రావడం డెన్వర్ మృతికి దారితీసిన కారణాల్లో ఒకటిగా దర్యాప్తు తేల్చింది.

దక్షిణాదికి ఈ విమానం వచ్చిన దారి బెంగళూరు మీదుగా సాగింది. తెలుగువాడైన డాక్టర్ ఎస్.ఆర్. వల్లూరి 1965 నుంచి 1984 వరకు డైరెక్టరుగా నడిపిన జాతీయ వైమానిక ప్రయోగశాలలో, 1980ల్లో రుస్తుం దమానియా సారథ్యంలో లాంగ్ ఈజీ నమూనా మీద తేలికపాటి కెనార్డ్ పరిశోధక విమానం తయారైంది. దాని రూపం నుంచి రక్షణ పరిశోధన సంస్థ పైలట్ లేని రుస్తుం-1ను మలచి, దమానియా పేరే పెట్టి, 2010 అక్టోబరులో హోసూరు దగ్గరి విమానాశ్రయంలో విజయవంతంగా ఎగిరించింది. హోసూరు తమిళనాడులో ఉన్నా అక్కడ తెలుగు ఇంటింటా వినిపిస్తుంది, కుప్పానికి అది పెద్ద దూరమూ కాదు. మొహావీ బిడ్డ మనుమడు చిత్తూరు గడప దాకా వచ్చాడన్నమాట.

గడప దాకా వచ్చినవాణ్ణి చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఔత్సాహికుడు ఇంట్లోకి పిలవాలా అన్నదే అసలు ప్రశ్న. లాంగ్ ఈజీ చక్రాలు చిన్నవి, ప్రొపెల్లర్ వాటి వెనక తిరుగుతుంది. గరుసు నేల మీద పరుగెత్తితే చక్రాలు ఎగరేసిన రాయి నేరుగా ప్రొపెల్లర్‌కు తగులుతుంది. అందుకే అది తారు లేదా సిమెంటు రన్‌వేనే కోరుతుంది, అదీ పొడవైనది. తిరుపతి చుట్టుపక్కల అటువంటి రన్‌వే రేణిగుంటలో ఉంది గాని, ప్రయాణికుల విమానాలు వచ్చిపోయే అంతర్జాతీయ విమానాశ్రయం ఔత్సాహికుడి ఆదివారపు ప్రయోగాలకు తగిన చోటు కాదు. ఈ సీమ పడమటి మండలాల పరిస్థితి మరొకటి. సుమారు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లె ప్రాంతంలో, మే నెలలో 38 డిగ్రీల ఎండ కాసే మధ్యాహ్నం, గాలి పలచనై విమానానికి 1,700 మీటర్ల ఎత్తులో ఉన్నట్టే తోస్తుంది. దీన్ని సాంద్రతా ఎత్తు అంటారు. ఆ గాలిలో ఇంజను బలం, రెక్క బలం, ప్రొపెల్లర్ పట్టు మూడూ ఒకేసారి తగ్గి, నేల మీది పరుగు ఇంకా పొడుగవుతుంది.

ఎండ చేసే మరో పని ఒంటి మీదిది. ఎపాక్సీ ఒక హద్దు దాటి వేడెక్కితే మెత్తబడుతుంది, అందువల్ల ఈ విమానాలకు తెల్ల రంగు అలంకారం కాదు, ప్రాణరక్షణ. రాయలసీమ వేసవిలో షెడ్డులో కలిపిన జిగురు గుడ్డకు పట్టకముందే గిన్నెలో గడ్డకడుతుంది, తూర్పు మండలాల్లో ఈశాన్య రుతుపవనాల తేమకు అదే జిగురు మీద జిడ్డు పొర పేరుకొని తర్వాతి పొరను సరిగా అంటనివ్వదు. పైగా మొదటి తరం లాంగ్ ఈజీలకు వానంటే గిట్టదు: ముందు రెక్క మీద నీటిబొట్లు చేరగానే ఎత్తే బలం తగ్గి ముక్కు కిందికి లాగేది. జాన్ రాంజ్ రూపొందించిన కొత్త కెనార్డ్ ఆ లోపాన్ని సరిదిద్దింది గనుక, పాత నక్షా దొరికినంత మాత్రాన సంబరపడకూడదు.

అలాగని కలప వైపు తిరిగి, 1929 నాటి పీటెన్‌పోల్ వంటి చెక్క విమానం కట్టుకొందామంటే, శేషాచలం ఇచ్చే ఎర్రచందనం నీటిలో మునిగేంత బరువైనది. విమానానికి కావలసిన తేలికైన స్ప్రూస్‌ను సముద్రం దాటించి తెచ్చుకోవాలి. ఈ సీమకు లాంగ్ ఈజీ తానే సిఫారసు చేసే రకం వేరు: క్రిస్ హైంట్జ్ రూపొందించిన జెనిత్ సీహెచ్ 701 వంటి, రెక్క పైన ఉండి, ప్రొపెల్లర్ ముందుండి, లావు చక్రాలతో గరుసు నేల మీదా కొద్ది పరుగుతోనే లేచే అల్యూమినియం విమానం. రేకులను రివెట్లతో బిగించడం మన ఊళ్ల బస్సు బాడీ షెడ్లలో రోజూ జరిగే పనే, తప్పు పడిన రివెట్‌ను డ్రిల్లుతో తీసి మళ్లీ వేయవచ్చు. గాజు పొర లోపల దాగిన తప్పు కంటికి కనిపించదు. అయితే దానికి సాధారణంగా వాడే రోటాక్స్ 912 ఇంజనుకు పెట్రోలులో పది శాతం ఇథనాల్ దాకానే అనుమతి ఉంది, మన బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది ఇరవై శాతం కలిపినది; ఇంధనం ఎక్కడి నుంచి తేవాలన్నది ఇంజను కొనకముందే తేల్చుకోవాలి.

చట్టం, ఆకాశం కూడా ఎంపికలో భాగాలే. ముంబయిలో ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టిన అమోల్ యాదవ్ దాన్ని 2016లో ప్రదర్శించినా, దాని పేరు పౌర విమానయాన డైరెక్టరేట్ రికార్డుకెక్కడానికి 2017 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది, ఎగరడానికి అనుమతి పత్రం అంతకన్నా ఆలస్యంగా చేతికందింది. తిరుపతి వాసికి మరి రెండు విషయాలు తోడవుతాయి: శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాల వేళ ఆ చుట్టుపక్కల గగనతలం మూతపడుతుంది, తిరుమల కొండ మీదుగా విమానాలు ఎగరకుండా నిషేధించాలని దేవస్థానం కేంద్రాన్ని కోరుతూ వస్తోంది.

కాబట్టి పాఠకునికి లాంగ్ ఈజీ విన్నపం ఇది: తన బొమ్మను గోడకు తగిలించుకోవచ్చు, కొనకముందు మాత్రం దిగబోయే నేలను కాలినడకన ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచి, డైరెక్టరేట్‌కు ఉత్తరం రాసి, జవాబు చేతికి వచ్చాకే రేకుకు మొదటి బెజ్జం వేయండి.