దీపస్తంభముతో పోటీ

ఇంటికి వచ్చు 230 వోల్టుల విద్యుత్తు 6 శాతమునకు మించి హెచ్చుతగ్గులకు లోనుగారాదని 1956 నాటి భారత విద్యుత్ నియమావళి శాసించినది గాని, కళింగపట్నపు ఉప్పుగాలి దానిని చదివినట్లు లేదు. 2021 సెప్టెంబరు 26న ఈ ఊరి చేరువనే తీరము దాటిన గులాబ్ వంటి తుఫానులో న్యూట్రల్ తీగ తెగెనా, ఒక యింటి బల్బు మిణుకుమిణుకుమనుచుండగా, పొరుగింటి బల్బు 400 వోల్టుల దాక మ్రింగి, రేవులోని దీపస్తంభముతో పోటీపడి, తత్క్షణమే కన్నుమూయును. దాని వెనుకనే టీవీయు పరలోకయాత్రకు బయలుదేరును. 40 వేల టీవీని మారుమాటాడక కొని, దానిని కాచు వోల్టేజి కటాఫ్ పెట్టెకడ మాత్రము నూరు రూపాయలకై గంటసేపు బేరమాడు గృహస్థ మహాశయా! స్టెబిలైజరు చిన్న ఒడిదుడుకులను సర్దునే గాని 400 వోల్టులను జీర్ణించుకొనజాలదు. కటాఫ్ పెట్టించుము, ఎర్తు సరిచేయింపుము, గాలి ముదురక మునుపే ప్లగ్గు ఊడబెరుకుము, కొబ్బరికాయ పిదప కొట్టవచ్చును.