బీరువాలో భావోద్వేగం

"సార్, టేక్ బ్రహ్మాండం. కానీ జెన్యూన్‌గా లేదు."

కోఆర్డినేటర్ కుర్రాడు ఈ మాట అన్నప్పుడు నేను మా పడగ్గదిలో బీరువా ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నాను. బీరువా తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మా ఆవిడ చీరల మధ్య మైకు. నా నెత్తి మీద నుంచి వీపు దాకా రగ్గు. చూసినవాళ్లు చలిజ్వరం అనుకుంటారు గానీ, గొంతు అమ్ముకుని బతికేవాళ్లలో చాలామందికి ఇదే స్టూడియో. గోడకు కొట్టుకుని తిరిగొచ్చే శబ్దాన్ని బట్టలు మింగేస్తాయి. ఈ విషయంలో పట్టుచీర కంటే నాలుగు మడతల పాత నేతచీర మేలని నా అనుభవం. ఫ్యాను ఆపాలి, ఏసీ ఆపాలి, ఫ్రిజ్జు ఆపాలి, పక్కింటి కుక్కరు మూడో కూత కూసేదాకా ఆగాలి. అప్పుడు, కలరా ఉండల వాసన పీలుస్తూ, చెమట కళ్లలోకి కారుతుంటే, "అమ్మ ప్రేమ కలిసిన మన ఇంటి కందిపొడి" అని చల్లగా, హాయిగా, వెన్నెల్లో మంచం వేసుకున్నవాడిలా చెప్పాలి.

చెప్పాను. పద్నాలుగుసార్లు చెప్పాను.

"జెన్యూన్ అంటే ఏంటి బాబూ?"

"అదే సార్, ఫీల్. మీది రేడియో వాయిస్. చదువుతున్నట్టు తెలిసిపోతోంది."

"కాగితం పంపింది నువ్వే కదయ్యా. చదవక ఏం చెయ్యను?"

"నటించకుండా చెప్పండి సార్. నిజంగా ఫీలైపోండి. క్లయింటుకి రియల్ ఎమోషన్ కావాలంట."

కందిపొడి. 200 గ్రాముల ప్యాకెట్టు.

పాతికేళ్లలో ఈ బజారు నన్ను చాలా అడిగింది. మొదట్లో "బేస్ పెట్టండి" అనేవాళ్లు. గొంతు పొట్టలోకి దించి యూరియా బస్తాలను కూడా సింహాసనం మీద కూర్చోబెట్టాను. తర్వాత "ఎనర్జీ" కావాలన్నారు. ఊరికి యాభై కిలోమీటర్ల అవతలి వెంచర్లో ప్లాట్లను పూనకం వచ్చినవాడిలా అరిచి అమ్మాను. ఆ రెండూ సరుకులే. ఎంత కావాలంటే అంత కొలిచి పోస్తాం. ఇప్పుడడుగుతున్నది నా గుండె. అదీ డెమోలో, అంటే పని ఇస్తారో ఇవ్వరో తేలకముందే.

డెమో అంటే పశువుల సంతలో ఎద్దు పళ్లు చూపించడం లాంటిది. నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అందులో ఆరేడు ముక్కలు: ఆసుపత్రికి కరుణ, బంగారం తాకట్టుకి ఆనందం, టీపొడికి శృంగారం, ఇన్సూరెన్సుకి సున్నితంగా కలిపిన భయానకం. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాలనూ నిమిషంలో సర్దితే రసానికి ఏడున్నర సెకన్లు వస్తాయి. తర్వాతివాళ్లు శాంతాన్ని కలిపి తొమ్మిది చేశారు గానీ, డెమోలో శాంతానికి చోటు లేదు. ఏడున్నర సెకన్లలో నిజంగా కరిగిపోయి, ఎనిమిదో సెకనులో తాకట్టు బంగారం గ్రాముకి ఎంత ఇస్తారో నిజంగా ఉప్పొంగి చెప్పగలిగినవాడికి వాయిస్ ఓవర్ పని కాదు, వైద్యం కావాలి.

సరే, కాలంతో పాటు నడవాలి కదా అని ఒక వర్క్‌షాపులో చేరాను. గొంతులో నిజమైన భావోద్వేగం తెప్పించే రెండు రోజుల ఆన్‌లైన్ శిక్షణ. ఫీజు 4,999 రూపాయలు, పైన జీఎస్టీ. అసలు గొడవ 'భావోద్వేగం' అనే మాటతోనే మొదలైంది. 'భ' పలికితే నోట్లోంచి గాలి గుద్దులా వెళ్లి మైకుకి తగులుతుంది. ముప్పైమందిమి వరసగా "నేను భావోద్వేగం కోసం వచ్చానండీ" అని పరిచయాలు చేసుకుంటుంటే ఎవరో ఖాళీ బిందెల్ని మెట్ల మీద నుంచి దొర్లిస్తున్నట్టు వినపడింది.

గురువుగారు కళ్లు మూసుకోమన్నారు. "మీ జీవితంలో అన్నిటికంటే బాధపెట్టిన సంఘటన తలుచుకోండి. దాన్ని గొంతులోకి తెచ్చుకోండి. ఇప్పుడు స్క్రిప్టు ఎత్తుకోండి." ఇది ఆయన సొంత సరుకేం కాదు. రష్యాలో నటన గురువు స్టానిస్లావ్‌స్కీ ప్రయోగం చేసి చూడగా, అమెరికాలో లీ స్ట్రాస్‌బర్గ్ పట్టుకుని వదలని పద్ధతే. ఆ స్టానిస్లావ్‌స్కీ తర్వాత్తర్వాత దీన్ని పక్కకు నెట్టి, ఒంటితో చేసే పనిలోంచి భావానికి దారి వెతికాడు. ఆ రెండో సగం మన వర్క్‌షాపుల దాకా రాలేదు. కస్టమ్స్ వాళ్లు ఆపేసి ఉంటారు.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. చివరి రోజుల్లో ఆవిడ మనుషుల్ని పోల్చుకోలేకపోయేది గానీ, నాకోసం కొంగున ముడివేసిన రూపాయిని మాత్రం రోజూ తడిమి చూసుకునేది. పోయాక స్నానం చేయించేటప్పుడు ఆ ముడి విప్పి రూపాయి తెచ్చి నా చేతిలో పెట్టింది మా అత్తయ్య. ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. గురువుగారి ఆజ్ఞ ప్రకారం అదే ఊపులో స్క్రిప్టు ఎత్తుకున్నాను.

ఇక్కడ శరీరధర్మం ఒకటుంది. ఏడిస్తే ముక్కు మూసుకుపోతుంది. ముక్కు మూసుకుపోతే 'మ' కాస్తా 'బ' అవుతుంది, 'న' కాస్తా 'ద' అవుతుంది, సున్నాలు ఎగిరిపోతాయి. నా నిజమైన భావోద్వేగం మైకులో ఇలా దిగింది: "అబ్బ ప్రేబ కలిసిద బద ఇట్టి కద్దిపొడి."

అమ్మ ప్రేమ అబ్బ ప్రేమయింది. గురువుగారు హెడ్‌ఫోన్లు సర్దుకుని, "సార్, మీకు జలుబా?" అన్నారు.

రెండో టేకుకి మా నాయనమ్మ మళ్లీ చనిపోవాల్సి వచ్చింది. మూడో టేకుకి ఆవిడ కూడా విసుక్కుంది. నాలుగోదానికి నేను మామూలుగా, పాతికేళ్లుగా చేస్తున్నట్టే చేశాను. పెదాలు కాస్త సాగదీసి, పళ్లు కనబడేలా పెట్టి, చివరి మాట మీద గొంతు అరచెంచా తగ్గించి చెప్పాను. నవ్వుతున్నట్టు పెదాలు సాగితే నోటిగొట్టం పొట్టిదై శబ్దం తేలికవుతుంది. అది భౌతికశాస్త్రం. గురువుగారు చేతులు జోడించి "ఇదండీ జెన్యూన్!" అన్నారు. చాట్‌లో ఇరవై హృదయాలు వచ్చాయి.

నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఎన్నడో చెప్పాడు, సాత్త్విక భావాలు ఎనిమిదని. అందులో స్వరభేదం ఒకటి, అంటే గొంతు మారిపోవడం. మనసు నిలిపితే తప్ప ఇవి రావన్నాడు. మనసు నిలపడమంటే నాయనమ్మల్ని టేకుకొకసారి చంపుకోవడమని మాత్రం అనలేదు. మన డబ్బింగ్ వాళ్లకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. ఫిల్ము ముక్కను కొసకు కొస అతికించి, లూపులో మళ్లీ మళ్లీ తిప్పుతుంటే, తెరమీద ఎవరివో పెదాలు చూస్తూ చీకట్లో నిలబడి ఏడ్చినవాళ్లు వాళ్లు. 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా మనకు తెలిసిన రోజారమణి తర్వాత ఎంతమంది హీరోయిన్లకు గొంతయ్యారో! సుమన్‌కీ రాజశేఖర్‌కీ కోపం వస్తే అరిచింది సాయికుమార్. 2010లో 'ఏ మాయ చేసావె' చూసి సమంత గొంతు మీద మనసు పారేసుకున్న కుర్రాళ్లు నిజానికి చిన్మయి మీద పారేసుకున్నారు. 'గాంధీ' తెలుగులో వచ్చినప్పుడు బెన్ కింగ్‌స్లీకి గాత్రం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. అందుకోసం ఆయన ముందుగా నిరాహారదీక్ష చేసినట్టు నేనెక్కడా వినలేదు.

అసలు భావం చెప్పేవాడి గొంతులోనే ఉంటుందని ఎవరన్నారు? వీధిలో ఘంటసాల భగవద్గీత వినపడితే "ఎవరు పోయారు?" అంటూ గుమ్మంలోకి వస్తాం. కొందరికి అక్కడే గొంతు పూడుకుపోతుంది. ఘంటసాల ఏడుస్తూ పాడలేదు. ఆ బరువు మనం మోసుకొచ్చి ఆ గొంతు మీద పెట్టాం. అదే మనం, సినిమా హాల్లో పొగాకు హెచ్చరికలో ఆ గంభీరమైన గొంతు నగరం గురించి బాధపడుతుంటే హాలంతా కోరస్ కలిపి నవ్వాం. తరుణ్ భాస్కర్ 2018లో ఆ హెచ్చరికలోని 'ఈ నగరానికి ఏమైంది' అనే వాక్యాన్నే కామెడీ సినిమాకి పేరుగా పెట్టుకున్నాడు. గొంతులో నిజాయితీ తక్కువై నవ్వలేదు. వందసార్లు విన్నాం, అందుకు.

ఇంకో తమాషా. మా ఊళ్లో చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. పోయినాయన మంచితనం, చెయ్యకుండా పోయిన పెళ్లిళ్లు, చెప్పకుండా పోయిన అప్పులు అన్నీ వరస కట్టి, పల్లవికి మళ్లీ వస్తూ ఏడుస్తారు. రాగం ఉంది కాబట్టి అది దొంగ ఏడుపా? ఆ గొంతు డెమోగా పంపితే మాత్రం "టూ డ్రమాటిక్, రియల్‌గా లేదు" అని తిరిగొస్తుంది. ఈ బజారు లెక్కలో రియల్ అంటే ఒక్కటే: గుసగుస. మైకుకి నాలుగు వేళ్ల దూరంలో, చెవిలో రహస్యం ఊదుతున్నట్టు, వెనకాల పియానో. సిమెంటు కూడా ఇప్పుడు గుసగుసలోనే అమ్ముతున్నారు.

ఈ గుసగుసకి ఇంకో షరతు, న్యూట్రల్ తెలుగు. నాతో పాటు వర్క్‌షాపులో సిద్దిపేట అమ్మాయి ఒకతె ఉంది. విరామంలో వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. "ఏమైందే అమ్మా, గిట్లెందుకు జేస్తవ్, మందులు ఏస్కున్నవా లేదా?" అంది. ఆ ఒక్క వాక్యంలో కోపం, భయం, ప్రేమ మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. విరామం అయ్యాక ఆమెనే మందుల షాపు ప్రకటన చదవమన్నారు. "యాస రాకూడదమ్మా, న్యూట్రల్‌గా, కానీ లోపల్నుంచి రావాలి." లోపల ఉన్నది సిద్దిపేట. దాన్ని బయటే చెప్పులతో పాటు విడిచిపెట్టి లోపల్నుంచి రమ్మంటారు.

ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం. స్క్రిప్టు. ముంబైలో హిందీలోనో ఇంగ్లిషులోనో పుట్టి, రాత్రికి రాత్రి తెలుగులోకి దించేసిన కాగితం. మొన్న నాకొచ్చిన ఇన్సూరెన్సు ప్రకటన అనువాదంలో తండ్రి కొడుకుతో అంటున్నాడు: "నా ప్రియమైన కుమారుడా, ఇస్తాను నేను నీ కలలకు రెక్కలు." పక్కన బ్రాకెట్లో సూచన: నిజమైన వాత్సల్యంతో.

క్రియను ముందుకు లాగి, కర్మను తోకకు కట్టి, తెలుగు నోరు ఏడు జన్మల్లో పలకని వాక్యం రాసి, దాన్ని వాత్సల్యంతో చెప్పమంటే ఎట్లా చెప్పను? ఏ తండ్రి ఏ కొడుకుని "ప్రియమైన కుమారుడా" అన్నాడు? మా నాన్న జన్మలో నన్ను పొగిడింది లేదు. ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి సైకిలు అమ్మేసి, సాయంత్రం నడిచొచ్చి, చెప్పులు విప్పుతూ నావైపు చూడకుండా "ఫీజు కట్టాను. రసీదు పారేసుకోకు" అన్నాడు. ఆ వాక్యం రాసివ్వండి. నేను బేస్ పెట్టి చదివినా, ముక్కు పట్టుకుని చదివినా, చివరికి బ్యాంకు కంప్యూటర్ గొంతుతో చదివించినా వినేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. రెక్కల వాక్యాన్ని బాలు చెప్పినా రెక్కలు రావు.

అయినా నేను ఆ రెక్కలు కూడా చెప్పి పంపాను, ఎందుకంటే కరెంటు బిల్లు నిజమైనది. తర్వాత ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. నా గొంతు ఎడిటర్ కుర్రాడి చేతికి వెళ్తుంది. అతను చేసే మొదటి పని ఊపిరి తీసేయడం. మాటకీ మాటకీ మధ్య పీల్చిన గాలిని ఒక్కొక్కటీ వెతికి కోసేస్తాడు. దిగులుగా ఉన్నవాడు మాట మొదలుపెట్టే ముందు పీల్చే ఆ సగం ఊపిరి ఉంటుంది చూడండి, ఫీల్ అనేది ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంటుంది. ముందు అది పోతుంది. తర్వాత కంప్రెసర్ వేస్తాడు. పెద్ద మాట చిన్నదై, చిన్నమాట పెద్దదై, అన్నీ ఒకే ఎత్తున ఇస్త్రీ చేసిన చొక్కాల్లా నిలబడతాయి. ఆ తర్వాత ముప్పై సెకన్లలో ఇమడదని కొంచెం స్పీడు పెంచుతాడు. ప్రాణం కావాలని అడిగి తెప్పించుకున్న గొంతులోంచి ప్రాణవాయువు పిండేసి పంపిస్తే, క్లయింటు విని "ఇదేదో ఏఐ వాయిస్‌లా ఉందే" అంటాడు. ఏఐ అయితే ఇంకా చవక కదా అని కూడా అతనికే తోస్తుంది.

ఇంత చాకిరీకీ మన భాషలో పెట్టిన పేరు గాత్రదానం. అన్నదానం, రక్తదానం, గాత్రదానం. పేరు పెట్టినవాళ్లు గౌరవంగానే పెట్టారు. బజారు మాత్రం దాన్ని అక్షరాలా తీసుకుంది. "సార్, ఒక చిన్న శాంపిల్ పంపండి" అంటారు. శాంపిల్ అంటే నా పాత డెమో కాదు, వాళ్ల అసలు స్క్రిప్టు, పూర్తిగా. రెండు వెర్షన్లు, ఒకటి నవ్వుతూ, ఒకటి తడిగా. పంపాక మౌనం. కందిపొడి వాళ్ల దగ్గర్నుంచి ఇప్పటిదాకా జవాబు లేదు. నా తడి వెర్షన్ ఎవరి కంప్యూటర్లో ఎండిపోతోందో.

ఆ రోజు బీరువా ముందు కందిపొడి పదిహేనో టేకు మధ్యలో మా వీధిలోకి ఉల్లిగడ్డల ఆటో వచ్చింది. మైకులో రికార్డు చేసిన గొంతు. గాలి గుద్దుల్ని ఆపే పాప్ ఫిల్టర్ లేదు, వెనక బండి హారన్ కూడా రికార్డయిపోయింది, "ఉల్లిగడ్డలే" అన్నచోట చివర గొంతు చీలింది. వందకి ఎన్ని కిలోలో చెప్పింది, అంతే. మూడో అంతస్తులో వంటింట్లో ఉన్న మా ఆవిడ స్టవ్ కట్టేసి, సంచీ పట్టుకుని, "ఏవండీ, తలుపు చూస్తుండండి" అని దిగిపోయింది. పాతికేళ్లలో నా గొంతు విని ఆవిడ ఒక్క ప్యాకెట్టు కూడా కొనలేదు.

కాబట్టి స్క్రిప్టులు పంపే అయ్యలకూ అమ్మలకూ ఒక మనవి. పంపే ముందు ఆ కాగితాన్ని మీ ఇంట్లో, మీ అమ్మ ముందో నాన్న ముందో పైకి చదవండి. వాళ్లు "ఏంట్రా అది?" అంటే మళ్లీ రాయండి. ఫీల్ సంగతి మేం చూసుకుంటాం. ఇప్పటికి మా నాయనమ్మను మూడుసార్లు చంపాను, ఇక చంపను.