తాడు పట్టని వాడికి వాటా ఏటి?

ఆఫీసు గదుల్లో నాయకులు తయారు కావడం లేదట. అందుకని కంపెనీలు మేనేజర్లను బస్సెక్కించి రిసార్టులకు తోలుతున్నాయి. అక్కడ కళ్ళకు గంతలు కట్టుకుని, ఒకరి చేతుల్లోకి ఒకరు వెనక్కి పడతారు. దాంతో పరస్పర నమ్మకం పెరుగుతుందట. సోమవారం పొద్దున మళ్ళీ హాజరుకు వేలిముద్ర!

అంత ఖర్చెందుకు? మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు పంపండి. శిబిరం నేను నడుపుతాను.

ముందు టెక్కలి దగ్గర తేలినీలాపురం. గూడకొంగలు బారులు తీరి ఎగురుతుంటే శిక్షకులకు పూనకమే. అలా ఎగిరితే రెక్కల శ్రమ తగ్గుతుందని పరిశోధకులు గుండె చప్పుళ్ళు లెక్కపెట్టి మరీ తేల్చారు. టీమ్‌వర్కుకు ఇంతకన్నా ఏం కావాలి? అయితే ముందున్న పక్షి అలసిపోతే వెనక్కి తప్పుకోవాలన్న స్లైడు మాత్రం, ఎండీ గారు ముందు వరుసలో ఉన్న రోజు, ఎందుకో తెరుచుకోదు.

అసలు పాఠం భావనపాడు తీరంలో. అలివి వల తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో వెళ్ళి సముద్రంలో వల చుట్టివేసి, రెండో కొస ఒడ్డుకు తెస్తారు. రెండు జట్లూ చెరో తాడు లాగుతూ దగ్గరవుతాయి. ఒక జట్టు తొందరపడితే వల వంకర పోతుంది, చేప జారిపోతుంది. ఇంతవరకూ మేనేజర్లు చకచకా రాసుకుంటారు, సెల్ఫీలు కూడా దిగుతారు. తర్వాత చేప ఒడ్డున పడుతుంది. వలకో వాటా, పడవకో వాటా, లాగిన ప్రతి చేతికీ వాటా. గొడుగు కింద నిలబడి "కమాన్, కమాన్" అని ఉత్సాహపరిచినాయనకు ఎంత అని అడిగి చూడండి.

"తాడు అట్టుకోనోడికి వాటా ఏటి బాబూ?"

ఇక్కడ అందరి పెన్నులూ ఒకేసారి ఆగుతాయి. బోనస్ లెక్కలు ఈ పద్ధతిలో వేస్తే కార్పొరేట్ ప్రపంచంలో ఎన్ని పై అంతస్తులు ఖాళీ అవుతాయో!

పలాస జీడి బట్టీల దగ్గర బస్సు ఎక్కువసేపు ఆపం. జీడి నూనె అంటితే చేతులు పొక్కుతాయి. పప్పు కొనుక్కుని వచ్చేయవచ్చు.

మందస మాత్రం కార్యక్రమంలో పెట్టాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. అక్కడ 1940లో జమీందారీపై తిరగబడ్డ రైతులను పోలీసులు పట్టుకుపోతుంటే గున్నమ్మ అనే ఆవిడ అడ్డం నిలబడింది. తూటాలకు బలైంది. ఆవిడకు హోదా లేదు, శిక్షణ లేదు, కింద పనిచేసే బృందమూ లేదు. నాయకత్వమంటే ఇదేనని చెప్పామనుకోండి, ఉద్యోగుల్లో ఎవరైనా నిజంగానే నేర్చుకుంటే? హెచ్ఆర్ వారు నా బిల్లు ఆపేస్తారు. కాబట్టి ఆ పూట కొబ్బరి తోటల్లో భోజనం, పనస పొట్టు కూర.

కన్వీనరుగా నా ఫీజు వాటాల పద్ధతిలో తీసుకోను. ముందే ఖాతాలో వేయాలి.