పికిలిపిట్ట చెప్పుకున్న కథ

నేను పికిలిపిట్టను. నెత్తిన నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో కరెంటు తీగల మీదా, కేశవగిరి బండల మధ్య పొదల్లోనూ నా జాతికి కొదవ లేదు. మమ్మల్ని చూసి, పిట్టలున్నాయి కదా, విత్తనాలు వాటంతటవే పాకుతాయని ధైర్యం చెప్పుకునేవాళ్లున్నారు. ఆ ధైర్యానికి ఆధారం లేదు. చెట్టు గింజ ఎంత దూరం పోతుందన్నది దాన్ని మింగే నోటి వెడల్పును బట్టీ, ఆ నోరున్న ప్రాణి దారిలో ఆగే చోటును బట్టీ ఉంటుంది. పచ్చదనం తునకలైనకొద్దీ ఈ రెండూ కుంచించుకుపోతాయి.

నా నోరు తెరిస్తే సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. రావిపండూ, లాంటానా నల్లపండూ ఒక్క గుటకలో లోపలికి పోతాయి. ఎంతోసేపు పట్టకుండానే గింజ రెట్టతో బయటికొచ్చి, నేను వాలిన తీగ కిందో పిట్టగోడ మీదో పడుతుంది. పాతబస్తీ గోడల పగుళ్లలో రావిమొక్కలు మొలిచేది మాలాంటి పిట్టల వల్లే. లాంటానా కంప పాకడంలోనూ మా పాత్ర చిన్నదేమీ కాదు. నేరేడు దగ్గర మాత్రం నా శక్తి చాలదు. గుజ్జు పొడుచుకు తింటాను, గింజ తల్లిచెట్టు కిందే రాలిపోతుంది. అక్కడ మొలిచినా నీడ, తల్లిచెట్టునే పట్టుకున్న పురుగూ తెగులూ దాన్ని ఎదగనివ్వవు. ఆ గింజను మింగి దూరంగా వదిలేది పునుగుపిల్లి. వేపపండును గింజతో సహా మింగేది కోయిల. పునుగుపిల్లికి కొమ్మా కొమ్మా కలిసిన దారి కావాలి. రోడ్డు మీద దిగితే లారీలు, కుక్కలు. అందుకే పెద్ద నోళ్లు ముందు పోతాయి, నాలాంటి చిన్న నోళ్లు మిగులుతాయి. ఇక్కడి బార్కస్ జామతోటలు ఇళ్లస్థలాలైనప్పుడు పోయినవి చెట్లొక్కటే కావు, పిట్టా గబ్బిలమూ ఆగే మజిలీలు కూడా.

చిన్న నోళ్లే మిగిలితే ఏమవుతుందో బ్రెజిల్ అట్లాంటిక్ అడవుల్లో తేలింది. కాఫీ, చెరకు సాగు కోసం ఆ అడవిని 1800ల నుంచీ నరికి తునకలు చేశారు. టూకాన్ లాంటి పెద్ద నోటి పక్షులు లేకుండా పోయిన తునకల్లో జుసారా అనే తాటిజాతి చెట్టు గింజలే చిన్నవైపోయాయని 2013లో వెలువడ్డ పరిశోధన చూపింది. చిన్న గింజ త్వరగా ఎండిపోతుంది, దాని మొలక కూడా బక్కదే. చెట్టు బతికే ఉంటుంది, దాని సంతానమే నీరసిస్తుంది. చూసేవాళ్లకు అది పచ్చగానే కనిపిస్తుంది కనుక ఈ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

రెక్కలున్నదానికి రోడ్డు అడ్డమా అని అడగొచ్చు. ఎగరగలను, కానీ కొమ్మా కొమ్మా పట్టుకుని పోవడమే నా అలవాటు. అమెరికాలోని సవానా నది ప్రాంతంలో చేసి 2005లో ప్రకటించిన ప్రయోగంలో, పక్షులు అడవి అంచు వెంటే సాగాయి. పచ్చటి దారితో కలిపిన తునకలకే గింజలు ఎక్కువగా చేరాయి. పెద్ద గబ్బిలం రాత్రికి కిలోమీటర్ల కొద్దీ తిరుగుతుంది కదా అంటే, నిజమే, అది గొప్ప సేవ. అయితే అది సన్నగింజల్నే మింగగలదు. పెద్ద పండును నోట కరుచుకుపోయి, వాలిన చెట్టు కింద గింజ ఉమ్మేస్తుంది. ఆ చెట్టూ ఉండాలి, కింద మట్టీ ఉండాలి. ఇక తెలంగాణలో 2015లో మొదలైన మొక్కలు నాటే కార్యక్రమం హరితహారం మాటకొస్తే, మొక్క నాటడం మంచిపనే, కాదనను. కానీ అలా నాటేది నర్సరీలో ఉన్న జాతులనే. గుట్ట మీది బోడి నేల దాకా వేరే తోపు గింజ చేరే దారి దానివల్ల ఏర్పడదు.

ఆ దారి వెయ్యడానికి కావలసినవి మా చుట్టుపక్కల ఉన్నాయి. కంచన్‌బాగ్ రక్షణ సంస్థల ప్రహరీల వెనక చెట్లున్నాయి. మీరాలం చెరువు పక్క 1963లో తెరిచిన 380 ఎకరాల జూపార్కుంది. వీటి మధ్య ఖబ్రస్తాన్లలో, గుడి, బడి ఆవరణల్లో నేరేడు, మర్రి, వేప ఉంటే మాకూ గబ్బిలాలకూ మజిలీలు దొరుకుతాయి. ఒక్కో చెట్టు మొదట్లో నాలుగు గజాల మట్టి టైల్స్ పడకుండా మిగలాలి. పునుగుపిల్లి పగలు పడుకునే తొర్ర ఉన్న ముసలి చెట్టును ముసలిదని కొట్టెయ్యకూడదు.