ఆకులు పలచనైన పైన్ చెట్టు

సెల్ టవర్ల మీద ఊళ్లకు మిగిలిన కాస్త పెత్తనాన్నీ కత్తిరించే ప్రతిపాదనకు అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2025 సెప్టెంబరు 30న తలూపింది. టవర్ల అందచందాలపై మునిసిపాలిటీలు పెట్టే షరతులు కంపెనీలకు మరీ బరువవుతున్నాయేమోనని కూడా ఆరా తీసింది. ఇది ఘోరం. అక్కడి పౌరుడికి చట్టం వదిలిపెట్టిన కొద్దిపాటి విద్యల్లో ఒకటి సౌందర్య విమర్శ! 1996 టెలికాం చట్టం 704వ సెక్షన్ ప్రకారం, టవర్ నుంచి వచ్చే రేడియో తరంగాలు ఎఫ్‌సీసీ పరిమితికి లోబడి ఉంటే చాలు, ఆరోగ్యంపై వాటి ప్రభావాన్ని సాకుగా చూపి రాష్ట్రం గానీ ఊరు గానీ టవర్‌కు అడ్డు చెప్పకూడదు. జ్వరమొచ్చినవాడు డాక్టరుతో చొక్కా రంగు గురించే మాట్లాడాలన్నట్టు!

అందుకే బడి పక్కన టవర్ వస్తుందంటే, బిడ్డల గురించి దిగులుపడే తల్లి విచారణలో లేచి ‘ఈ పైన్ చెట్టుకు ఆకులు పలచగా ఉన్నాయండీ’ అనాలి. టవర్లకు ప్లాస్టిక్ ఆకులు తొడిగి పైన్ చెట్టు వేషం కట్టడం అక్కడ మామూలే కదా. తండ్రి ఆ పచ్చదనం మరీ ముదురుగా ఉందని వాపోవాలి. తాతగారు కొమ్మల పొందిక కుదరలేదని నిట్టూర్చాలి. కాదనాలంటే ఊరి పెద్దలు రాతపూర్వకంగా, గట్టి సాక్ష్యంతో కాదనాలి గనక, వికారానికి సాక్ష్యాలు పోగేయాలి. ఎవరైనా నోరు జారి ‘ఆరోగ్యం’ అన్నారో, ఆ మాట మినిట్స్‌కెక్కి రేపు కోర్టులో కంపెనీ లాయరు చేతికి దొరుకుతుంది. ఇక ఆ ఆకుల ఊసూ ఎత్తకూడదంటే, విచారణకొచ్చినవాళ్లు వాతావరణం గురించి నాలుగు మాటలనుకుని ఇంటిదారి పట్టాలి.

ఊరికో పరిమితి పెట్టుకుంటే నెట్‌వర్క్ నడిచేదెలా అంటారు. నిజమే, కొలత దేశమంతటికీ ఒకటే ఉండాలి. టవర్లతో జబ్బులొస్తాయని తేలలేదు కదా అంటారు. వస్తాయని ఇక్కడెవరూ అనడం లేదు. కానీ ఎఫ్‌సీసీ పెట్టిన ఆ పరిమితి 1996 నాటిది. మార్చనక్కర్లేదని 2019లో ఎఫ్‌సీసీ తేల్చేసింది. క్యాన్సర్ కాని హానుల నుంచి అది కాపాడుతుందని ఎలా చెప్పగలుగుతున్నారో వివరించలేదని 2021 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు తప్పుపట్టింది. పిల్లల మాటేమిటి, ఏళ్ల తరబడి తగిలే తరంగాల మాటేమిటి, పర్యావరణం మాటేమిటి అని నిలదీసింది. తరంగాలు ప్రమాదకరమని కోర్టూ అనలేదు, కారణం చెప్పమంది, అంతే. 2025 సెప్టెంబరు నాటికి నాలుగేళ్లు దాటినా ఆ జవాబు రాలేదు. టవర్లు త్వరగా లేపే ప్రతిపాదన మాత్రం వచ్చింది. అడిగే హక్కును ఊళ్ల నుంచి లాక్కున్నవాళ్లు ఆ ప్రశ్నకు తామే జవాబు చెప్పాలి. చెప్పకుండా నోళ్లు మూయిస్తే అది శాస్త్రం కాదు, దబాయింపు. న్యూజెర్సీలో, డాలస్‌లో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకూ ఇదే చట్టం. ముందు కోర్టుకు జవాబివ్వండి, ఊళ్ల అధికారాల సంగతి ఆ తర్వాత.