కొయ్యబొమ్మ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: చేత్తో రంగులద్దిన కొయ్యబొమ్మను క్రిస్మస్‌కు కానుకగా ఇవ్వవలెను.

అవతారిక: ఈ సూత్రకర్త ఎవరో తెలియదు. వ్యాఖ్యాతకు అది లాభమే, ‘నా ఉద్దేశం అది కాదు’ అని అడ్డు తగిలేవాడు ఉండడు. చూడ్డానికి కానుక పెట్టె మీద అంటించే చీటీలా ఉన్నా, ఈ వాక్యంలో పెద్ద చిక్కే ఉంది. ‘చేత్తో’ అన్నది దేనికి అన్వయించాలి? బొమ్మ మొత్తానికా, ఒక్క రంగుకేనా? మొత్తానికే అనేది ఛాందస పక్షం. ఆ పక్షాన్ని నమ్మి ఉలి పట్టినవాళ్లు వేలు కోసుకుంటారు, సగం చెక్కిన గొర్రెపిల్లను అటకెక్కిస్తారు, డిసెంబరు 24 సాయంత్రం బేకరీకి పరుగెత్తి కేకు డబ్బా పట్టుకొస్తారు. సూత్రం చెప్పింది కేకు గురించి కాదు కదా! కాబట్టి ‘చేత్తో’ అన్నది రంగుకే చెందుతుందనీ, చెక్కడమనేది చేసేవాడి ఇష్టమనీ మా సిద్ధాంతం. ఎవరో లేత్ మీద తీసిచ్చిన కొయ్యబొమ్మకు రంగు వేసి ఇచ్చినా సూత్రం చెల్లినట్టే.

దీనికి ప్రమాణం కావాలంటే జర్మనీ దాకా వెళ్లాలి. సాక్సనీ రాష్ట్రంలో చెక్ సరిహద్దు పక్కన ఎర్ట్స్‌గెబిర్గ అనే కొండసీమ ఉంది. క్రిస్మస్ కొయ్యబొమ్మలకు పేరుమోసిన సైఫెన్ ఊరు అందులోదే. అక్కడివాళ్లు మొదట తగరం గనుల్లో పనిచేసేవారు. గనులు వట్టిపోతూంటే పొట్ట గడవడానికి కొయ్యపనిలోకి దిగారు. 1800 ప్రాంతంలో వాళ్లు పట్టుకున్న కిటుకు ఒకటి చెప్పుకోదగ్గది. పచ్చి స్ప్రూస్ దుంగను అడ్డంగా కోసి, ఆ పలకను లేత్ మీద బిగించి, తిరుగుతున్న కొయ్యలోకి ఒకవైపు నుంచి కొంత, తిరగేసి రెండోవైపు నుంచి కొంత ఉలి దింపుతారు. చేతికి వచ్చేది వంకరటింకర గాళ్లున్న ఒక కొయ్య చక్రం. దాని మీద కత్తి ఆనించి సుత్తితో కొడుతూ దిబ్బరొట్టెను ముక్కలు చేసినట్టు చీలిస్తే, కోసిన వైపు నుంచి చూసినప్పుడు ప్రతి ముక్కా ఒక ఆవో గుర్రమో ఏనుగో. చీల్చేదాకా చెక్కినవాడి కంటికి కూడా ఆ జంతువు కనపడదు. కాళ్ల మధ్య సందు ఎంత, మెడ వంపు ఎంత అన్నదంతా చేతి అలవాటు మీద నడిచే లెక్క. ఒక్క చక్రంలోంచి పదుల కొద్దీ ఒకే పోలిక జంతువులు ఊడిపడతాయి. వాటి అంచులు కత్తితో గుండ్రం చేసి, చెవులూ తోకా అతికించి, రంగు వేస్తారు. 19వ శతాబ్దంలో నోవహు ఓడ బొమ్మల్లో ఇవే జంటలు జంటలుగా దేశదేశాలకూ వెళ్లాయి. దీన్ని చేతిపని కాదనడానికి ఎవరికీ నోరు రాదు. మొత్తం చేతిపనే అనడానికీ వీల్లేదు, ఆనాడు లేత్‌ను తిప్పింది వాగు నీళ్ల బలం. ఛాందస పక్షం నిలవాలంటే సైఫెన్ ఊరినే సూత్రం బయటికి నెట్టాలి. తార్కికులు దీన్నే అవ్యాప్తి దోషమంటారు.

ఇక అతివ్యాప్తి సంగతి. రంగున్న కొయ్యబొమ్మ ఏదైనా సరే అంటే, ఫ్యాక్టరీలో వరసగా నిలబెట్టి స్ప్రే కొట్టినవన్నీ లోపలికి వచ్చేస్తాయి. పోనీ కుంచెతో వేసిందే అని బిగిద్దామా? అప్పుడు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక అడ్డొస్తుంది. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను దానికి అదిమి పెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. ఇందులో కుంచెకు పని లేదు, కానీ ఏ రంగు ఎక్కడ ఆగాలో చెప్పేది చెయ్యే. కొండపల్లిలో పద్ధతి వేరు. తెల్లపొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూత మీద కుంచెతో రంగులు దిద్దుతారు. రెండు ఊళ్లనూ కలుపుకుని లక్షణం ఇలా తేల్చాం: రంగు ఎక్కడ పడాలో ప్రతి బొమ్మకూ విడిగా ఒక చెయ్యి నిర్ణయించి ఉండాలి. స్ప్రే గొట్టానికి ఆ యోగ్యత లేదు.

ఇక్కడొక ఆక్షేపణ ఉంది. ఒకే నమూనాను వంద బొమ్మల మీద వేసేటప్పుడు ఇంక చెయ్యెందుకు, అచ్చు కొడితే తప్పులుండవు కదా అని. జవాబు అదే కొండసీమలోని గ్రూన్‌హైనిషెన్‌లో దొరుకుతుంది. గ్రేటె వెంట్, గ్రేటె క్యూన్ అనే ఇద్దరు అక్కడ 1915లో ఒక బొమ్మల సంస్థ మొదలుపెట్టారు. దాని దేవదూతలకు ఆకుపచ్చ రెక్కలు, వాటి మీద 11 తెల్ల చుక్కలు. నమూనా మారదు, అయినా చుక్కలు చేత్తోనే పెడతారు. ఆ చుక్క వ్యవహారం కొంచెం దగ్గరగా చూడండి. కుంచె తోక కొసను రంగులో ముంచి ఆనిస్తే గుండ్రటి చుక్క పడుతుంది. మళ్లీ ముంచకుండా పెడితే రెండోది చిన్నది, మూడోది మరీ సన్నం. అన్నీ ఒకే సైజులో రావాలంటే చుక్కచుక్కకీ ముంచాలి, కొసకు అంటిన పాత రంగు తుడవాలి. ముఖం దగ్గరకొస్తే ఇంకా కష్టం. కన్ను వెంట్రుకవాసి పైకి పోయిందా, దేవదూత కంగారు పడుతున్నట్టుంటుంది. కిందికి జారిందా, ప్రసంగం మధ్యలో కునుకు తీస్తున్నట్టుంటుంది. అందుకే కళ్లు మిగతా రంగులన్నీ అయ్యాకే పెట్టాలి. అచ్చుయంత్రానికి ఈ భయం లేదు నిజమే. ఆ భయంతో ఒక్కో బొమ్మ ముందూ ఊపిరి బిగబట్టి కూర్చున్నవాడి శ్రద్ధే కానుకలో అసలు సరుకు అని మా అభిప్రాయం.

రెండో ఆక్షేపణ దీనికన్నా బరువైనది. చేతిపని అంటూ ఇంతగా పొగుడుతున్నారే, ఆ కొండసీమ ఇళ్లలో ఒకప్పుడు చిన్నపిల్లలు కూడా బల్ల ముందు కూర్చుని బొమ్మలకు రంగులు వేసేవారు కదా, ఆ పేదరికమా మీ ఆదర్శం? ఇది తోసెయ్యదగ్గ మాట కాదు. ఇంటింటి పనిని టోకు వర్తకులు అతి తక్కువ ధరకు కొని ఊళ్లకు ఊళ్లనే తమ గుప్పిట్లో పెట్టుకున్న మాట వాస్తవం. అయితే ఆ అన్యాయం ధర కట్టడంలో ఉంది, కుంచెలో లేదు. పైగా ఈ ఆక్షేపణ మా అన్వయాన్నే బలపరుస్తోంది. రంగు వేసేవాడి సమయం కూడా కానుకలో భాగమైతే, కొనేటప్పుడు దాని ఖరీదు చెల్లించాలి. కొండపల్లి బొమ్మ దగ్గర బేరమాడి సగానికి తెగ్గొట్టి, ఆదా అయిన డబ్బుతో మెరుపు కాగితం కొని చుట్టేవారికి ఈ సూత్రం చదివే అధికారం లేదు.

బొమ్మతో ప్రయోజనమేమిటి, దుమ్ము పట్టడం తప్ప, అనేది మూడోది. దీనికి పెద్ద శ్రమ అక్కర్లేదు. సైఫెన్‌లో విల్‌హెల్మ్ ఫ్యూక్ట్నర్ 1870 ప్రాంతంలో లేత్ మీద తీసిన రాజుగారి బొమ్మ దవడతో కాయలు పగలగొడుతుంది. రాజులకు అంతకన్నా ఉపయోగకరమైన పని అప్పగించినవారు అరుదు. అక్కడి పొగబొమ్మ కడుపులో సాంబ్రాణి బిళ్ల పెడితే నోట్లోంచి పొగ వదులుతుంది. దేవదూత, గనికార్మికుడి బొమ్మలు చేతుల్లో కొవ్వొత్తులు పట్టుకుని కిటికీలో నిలబడతాయి, ఇంట్లో ఆడపిల్లకొక దేవదూత, మగపిల్లవాడికొక కార్మికుడు చొప్పున.

మిగిలింది ‘క్రిస్మస్‌కు’. వ్యాకరణం ప్రకారం ‘కు’ షష్ఠే అయినా ఇక్కడ అది గడువు చెబుతోంది. కొయ్య బాగా ఆరి ఉండాలి, లేకపోతే రంగు వేశాక పగుళ్లు తీస్తుంది. గరుకు కాగితంతో కొయ్య నార వెంబడే రుద్దాలి. తెల్ల పూత వేసి, అది ఆరాక మళ్లీ రుద్ది, ఒక్కో రంగూ పూర్తిగా ఆరాకే రెండోది వేసి, కళ్లు పెట్టి, చివర వార్నిష్ పట్టించాలి. పసిపిల్లలకు ఇచ్చేదైతే నోట్లో పెట్టుకున్నా హాని లేని రంగులే వాడాలి, ఊడివచ్చే చిన్న ముక్కలు ఉండకూడదు. చదువరులారా, మీరిది అక్టోబరులో చదువుతూంటే ఈ వారమే లేత్ ఉన్నవారి దగ్గర ఉత్త కొయ్యబొమ్మలు చేయించుకోండి. డిసెంబరు 20 దాటాక చదువుతూంటే కొండపల్లిలోనో ఏటికొప్పాకలోనో అడిగినంత ఇచ్చి కొనుక్కోండి.